మా తాత ఇంట్లో పాత మీటరు మీద ‘ఫెరాంటీ’ అని ఉంది. కంప్యూటర్లు చేసిన ఫెరాంటీ ఇదేనా?

మోహన్_చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా తాత కట్టించిన మిద్దె ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టుకుంటున్నాం. సామాను ఖాళీ చేస్తుంటే వెనక పోర్షన్లో మెయిన్ స్విచ్ పక్కన పాత మీటరు ఒకటి బయటపడింది. అద్దెకున్న వాళ్ల కరెంటు లెక్క తెలియడానికి తాత సొంతంగా కొని పెట్టుకున్న సబ్ మీటరని అవ్వ చెప్పింది. వైర్లు ఎప్పుడో కోసేసి ఉన్నాయి. నల్ల ఇనుప డబ్బా, ముందర అద్దం, లోపల అల్యూమినియం చక్రం. దుమ్ము తుడిస్తే ప్లేటు మీద ఫెరాంటీ లిమిటెడ్, హాలిన్‌వుడ్, ఇంగ్లాండ్ అని కనబడింది.

నేను రేణిగుంట దగ్గర ఫోన్లకు బోర్డులు చేసే ఒక ఫ్యాక్టరీలో ఎస్‌ఎంటీ లైన్ మీద, అంటే బోర్డు మీద చిన్న చిన్న చిప్పులు అతికించే చోట, పనిచేస్తాను. ఫోటో చూసి మా సూపర్‌వైజరు, ‘ఈ కంపెనీ కంప్యూటర్లు అమ్మింది, యుద్ధ విమానాలకు రాడార్లు చేసింది’ అన్నారు. ఇనుప డబ్బా మీటరు చేసినవాళ్లు కంప్యూటర్లకు ఎట్లా వెళ్లారు? అంత పెద్ద కంపెనీ అయితే ఇప్పుడు పేరే వినబడదెందుకు? పాత ఇనుము కొనేవాళ్లు రేపో మాపో వస్తారు, దీన్ని ఇచ్చేయాలా ఉంచుకోవాలా అన్నది కూడా తేల్చుకోవాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

స్వాతి_ఈఈఈ:

మాకు ట్రాన్స్‌మిషన్ సబ్జెక్టులో ‘ఫెరాంటీ ఎఫెక్ట్’ అని ఉంది. పొడుగాటి లైన్ మీద లోడ్ లేనప్పుడు, పంపించే చోటు కన్నా అందుకునే చోట వోల్టేజీ ఎక్కువగా ఉంటుంది. పరీక్షలో తరచూ అడిగే ప్రశ్న. ఫెరాంటీ అంటే ఒక మనిషి అని సార్ చెప్పారు. ఆ మనిషికీ ఈ మీటరుకూ సంబంధం ఉందా?

పాతమీటరు_తిరుపతి:

మోహన్, స్వాతమ్మా, ఇద్దరికీ కలిపి చెబుతాను. మనిషి, మీటరు, లైన్ ఎఫెక్టు, కంప్యూటరు, రాడారు అన్నీ ఆ ఒక్క ఇంటిపేరువే. నేను కరెంటాఫీసులో చేరింది మీటర్ల టెస్టింగులో, మేం ఎంఆర్‌టీ అంటాం. రిటైరై తిరుపతిలోనే ఉంటున్నాను. చేరిన కొత్తలో మా బెంచీ మీదికి ఇంగ్లాండు మీటర్లు ఇంకా వస్తుండేవి. వాటిలో ఫెరాంటీ వస్తే నేనే తీసుకునేవాణ్ణి. అప్పట్నుంచీ ఈ కంపెనీ గురించి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మీటరు సంగతి. మూత తీస్తే ఒక పక్క బ్రేక్ మాగ్నెట్ కనబడుతుంది. దాని దవడల మధ్య డిస్కు అంచు వెంట్రుకవాసి సందుతో తిరుగుతుంది. డిస్కు ఇరుసు కింది మొన ఒక చిన్న రాయి గుంటలో కూర్చుని ఉంటుంది, గడియారంలో జ్యూవెల్ ఉన్నట్టే. పైన సన్న తీగతో చుట్టిన ప్రెషర్ కాయిల్, కింద లావు తీగతో నాలుగు చుట్లు చుట్టిన కరెంట్ కాయిల్. లోడ్ తీసేసి వోల్టేజీ మాత్రం ఇస్తే డిస్కు ఒక పూర్తి చుట్టు తిరగకూడదు. తిరిగితే దాన్ని ‘క్రీపింగ్’ అంటాం, ఆ మీటరు పాస్ కాదు. అందుకోసమే డిస్కులో ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు పెడతారు. రంధ్రం కాయిల్ కిందికి రాగానే డిస్కు ఆగిపోతుంది. వాడని కరెంటుకు ఎవరూ డబ్బు కట్టకూడదని చేసిన ఏర్పాటది. మోహన్, నీ మీటరు అద్దంలోంచి చూడు, ఆ రంధ్రాలు కనబడతాయి.

ఇక మనిషి. సెబాస్టియన్ డి ఫెరాంటీ 1864లో లివర్‌పూల్‌లో పుట్టాడు. తండ్రికి అక్కడ ఫోటో స్టూడియో ఉండేది. పద్దెనిమిదేళ్లకే, అంటే 1882లో, సొంతంగా ఆల్టర్నేటరు, అంటే ఏసీ కరెంటు పుట్టించే యంత్రం, తయారుచేసి కంపెనీ పెట్టాడు. పాదరసంతో పనిచేసే మీటరు కూడా ఆ రోజుల్లోనే చేశాడు. ఇరవై మూడేళ్లకు లండన్ కరెంటు కంపెనీకి చీఫ్ ఇంజనీరయ్యాడు. థేమ్స్ నది ఒడ్డున డెప్ట్‌ఫర్డ్‌లో పెద్ద పవర్ స్టేషన్ కట్టి, అక్కడినుంచి నగరం నడిబొడ్డుకు 10,000 వోల్టులతో కరెంటు పంపాలన్నది అతని పథకం. అప్పటిదాకా లండన్‌లో అతనే నడిపిన స్టేషన్ 2,400 వోల్టులది. అంత వోల్టేజీకి ఆగే కేబులు కొందామంటే ఎక్కడా లేదు. తనే చేశాడు. రాగి గొట్టం, దాని చుట్టూ మైనం పట్టించిన బ్రౌన్ పేపరు, ఆ పైన ఇంకో రాగి గొట్టం. బయటి గొట్టం ఎర్తు చేసి ఉంటుంది కాబట్టి ముట్టుకున్నా ప్రమాదం లేదని అధికారులకు చూపించాలి. కరెంటు పారుతున్న కేబులు మీద ఒక సహాయకుడు ఉలి పట్టుకుంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టి దాన్ని లోపలికి దించారు. పట్టుకున్న మనిషికి ఏమీ కాలేదు. కరెంటు పనిలో బతికినవాణ్ణి, ఆ ఉలి పట్టుకున్నవాడి ధైర్యం నాకు బాగా అర్థమవుతుంది.

స్వాతమ్మా, నీ ఎఫెక్టు బయటపడింది ఆ కేబుల్లోనే. పేపరుకు అటూ ఇటూ రాగి ఉంటే అది పెద్ద కండెన్సరు. లోడ్ లేనప్పుడు ఆ ఛార్జింగ్ కరెంటు లైన్ ఇండక్టెన్సులోంచి పోతూ చివరి వోల్టేజీని లేపేస్తుంది. ఇప్పుడు మన 400 కేవీ లైన్ల చివర సబ్‌స్టేషన్లలో రియాక్టర్లు, అంటే పెద్ద కాయిల్స్, పెట్టేది దీనికోసమే.

1891లో ఆయన డెప్ట్‌ఫర్డ్ వదిలేశాడు. 1896లో ఫ్యాక్టరీని మాంచెస్టర్ పక్కన హాలిన్‌వుడ్‌కు మార్చాడు. నీ ప్లేటు మీదున్న ఊరు అదే. పెద్ద యంత్రాలకు పెట్టిన ఖర్చు తిరిగిరాక 1903లో కంపెనీ రిసీవర్ల చేతిలోకి, అంటే అప్పులవాళ్ల తరఫున కంపెనీని చేతిలోకి తీసుకునేవాళ్ల దగ్గరికి, పోయింది. ఆ తర్వాత దాన్ని నిలబెట్టింది మీటర్లూ ట్రాన్స్‌ఫార్మర్లే.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ఎలక్ట్రానిక్స్‌లోకి ఎట్లా వచ్చారని. ఉన్న పని వదిలేసి కొత్త పనిలోకి దూకారని చాలామంది రాస్తారు. నేను ఒప్పుకోను. 1920ల్లో రేడియో వచ్చింది. అప్పటి రేడియో సెట్లో సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టాలుండేవి, వాటిని వాల్వులంటారు. వాల్వుకూ వాల్వుకూ మధ్య చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావాలి, అది చెడ్డదైతే పాటంతా గరగరే. ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టడంలో చేయి తిరిగిన ఫెరాంటీ ఆ చిన్నవాటిని అంత బాగా చేసింది కాబట్టి సొంతంగా సెట్లు కట్టుకునేవాళ్లు వాటినే అడిగి కొనేవాళ్లు. ఆ తర్వాత రేడియోలు, టీవీలు, కరెంటు గడియారాలు. వాటికోసం 1935లో మోస్టన్‌లో ఇంకో ఫ్యాక్టరీ. 1930లో తండ్రి పోయాక కొడుకు విన్సెంట్ కంపెనీ నడుపుతున్నాడు. యుద్ధం రాగానే స్పిట్‌ఫైర్ విమానాలకు తుపాకీ గురి చూపించే జైరో గన్‌సైట్లు కావాల్సి వచ్చాయి. వాటికోసం 1943లో ఎడిన్‌బరోలో క్రూ టోల్ ఫ్యాక్టరీ పెట్టారు. జైరో అంటే ఏమిటి? మొన మీద తిరిగే చక్రం, రాపిడి ఉండకూడదు, లెక్క తప్పకూడదు. మీటరు చేసే చేతులకు తెలిసిన పనే. ఆ క్రూ టోల్ తర్వాత విమాన రాడార్లకు పేరు మోసింది. లైట్నింగ్ ఫైటరు ముక్కులో ఉన్న రాడారు వాళ్లదే.

కంప్యూటరు కథ కూడా ఇట్లాంటిదే. మాంచెస్టర్ యూనివర్సిటీలో ఫ్రెడ్డీ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ కలిసి చేసిన చిన్న యంత్రం 1948 జూన్ 21న మొదటిసారి మెమరీలో దాచిన ప్రోగ్రామును నడిపింది. టీవీ పిక్చర్ ట్యూబు లాంటి గొట్టం ముఖం మీద చుక్కలుగా ఛార్జి నిలిపి, దాన్నే మెమరీగా వాడారు. ప్రభుత్వ శాస్త్రవేత్త బెన్ లాక్‌స్పైసర్ వచ్చి చూసి, ప్రొఫెసర్ విలియమ్స్ చెప్పినట్టు ఒక లెక్కల యంత్రం కట్టండని ఆ అక్టోబరులోనే ఫెరాంటీకి ఆర్డరిచ్చాడు. కంపెనీలో ఆ పని మొదలైంది ఎక్కడో తెలుసా? ఇన్‌స్ట్రుమెంట్ డిపార్ట్‌మెంటులో! కొలతల పరికరాలు చేసే చోట. 4,000కు పైగా వాల్వులున్న ఆ యంత్రం, ఫెరాంటీ మార్క్ 1, 1951 ఫిబ్రవరిలో యూనివర్సిటీకి చేరింది. దాని ప్రోగ్రామింగ్ మాన్యువల్ రాసింది అలన్ ట్యూరింగ్. దాన్నీ, కొంచెం మార్చి చేసిన మార్క్ 1 స్టార్‌నూ కలిపి మొత్తం తొమ్మిది అమ్మారు. ఒకటి కెనడాలో టొరంటో యూనివర్సిటీకి పోయింది.

ఆ తర్వాత పెగాసస్, మెర్క్యురీ, 1962 డిసెంబరులో అట్లాస్. అట్లాస్ గురించి ఒక్క మాట. చిన్న మెమరీనీ, సమాచారం దాచే పెద్ద అయస్కాంతపు డ్రమ్మునూ కలిపి, ప్రోగ్రాము రాసేవాడికి ఒకటే పెద్ద మెమరీ ఉన్నట్టు చూపించే పద్ధతి అందులోనే వచ్చింది. మోహన్, నువ్వు బోర్డులు చేసే ప్రతి ఫోనూ ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తుంది.

ఇంత చేసీ 1963లో పెద్ద కంప్యూటర్ల వ్యాపారాన్ని ఐసీటీ అనే కంపెనీకి అమ్మేశారు. పేరొచ్చింది, డబ్బు రాలేదు. ఉంచుకున్నది ఆర్గస్ కంప్యూటర్లు. అవి ఫ్యాక్టరీలను నడిపే రకం. 1962లోనే ఐసీఐ అనే రసాయనాల కంపెనీ సోడా యాష్ ప్లాంటులో పైపుల వాల్వులను తిప్పే పని ఒక ఆర్గస్‌కు అప్పగించారు. చూశారా, అమ్ముకున్నది ఆఫీసు లెక్కలు చేసే యంత్రాలను, దగ్గర ఉంచుకున్నది కొలిచి నడిపే యంత్రాలను.

పేరు ఎందుకు వినబడదన్నదానికి జవాబు రాత్రి రాస్తాను. అది మనసుకు కష్టమైన భాగం.

శీను_రేణిగుంట:

సార్, చాలా తెలిసింది. కానీ రెండు మాటలు. మొదటి కమర్షియల్ కంప్యూటరు అమెరికావాళ్ల యూనివాక్ అని మేం చదువుకున్నాం. రెండోది, మీరు చెప్పినవన్నీ చూస్తే గన్‌సైట్లు, రాడార్లు, మార్క్ 1, అన్నీ ప్రభుత్వ ఆర్డర్లే. సర్కారు డబ్బుతో ఎదిగిన కంపెనీ అనాలి కదా?

సుధారాణి_టీచర్:

శీను గారూ, యూనివాక్‌ను అమెరికా సెన్సస్ వాళ్లు తీసుకున్నది 1951 మార్చి 31న. మార్క్ 1 ఫిబ్రవరిలోనే చేరిపోయింది. తేడా వారాల్లోనే గానీ ముందు వచ్చింది ఫెరాంటీదే.

నేను తిరుపతిలో కంప్యూటర్ టీచరుగా చేశాను కాబట్టి ఇంకొక సంగతి చేరుస్తాను. ఆ మార్క్ 1 మీద ప్రోగ్రాములు రాసినవాళ్లలో మేరీ లీ వుడ్స్ అనే ఆవిడ ఉండేది. ఒకే పని చేస్తున్న మగవాళ్లకు ఎక్కువ జీతం, ఆడవాళ్లకు తక్కువ జీతం ఏమిటని కంపెనీతో కొట్లాడి సమాన జీతం సాధించింది. అక్కడే పనిచేస్తున్న కాన్వే బెర్నర్స్-లీని పెళ్లి చేసుకుంది. వాళ్ల కొడుకే వరల్డ్ వైడ్ వెబ్ కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ. మా ఆడపిల్లలకు ఈ కథ చెప్పకుండా నేను ఏ సంవత్సరమూ క్లాసు మొదలుపెట్టలేదు.

మన దేశంలో 1984లో స్కూళ్లకు కంప్యూటర్లు ఇచ్చే క్లాస్ ప్రాజెక్టు వచ్చినప్పుడు ఇచ్చింది బీబీసీ మైక్రో అనే బ్రిటిష్ కంప్యూటర్లను. తొలి బీబీసీ మైక్రోల్లో తెర మీద బొమ్మను నడిపే చిప్పు ఫెరాంటీ యూఎల్‌ఏనే. బాగా వేడెక్కేది, దాని మీద హీట్ సింక్ అతికించి ఉండేది.

రేడియో_బాషా:

సుధా మేడం యూఎల్‌ఏ అనగానే నాకు చేతులు ఊరుకోలేదు. తిరుపతిలో రేడియో రిపేరు షాపు నడిపినవాణ్ణి. మాకు ఫెరాంటీ అంటే జెడ్ఎన్ 414. చూడ్డానికి ట్రాన్సిస్టరే, మూడు కాళ్లు, చిన్న లోహపు టోపీ. లోపల పది ట్రాన్సిస్టర్లున్న రేడియో ఐసీ! ఒక ఫెరైట్ రాడ్డు మీద కాయిల్ చుట్టు, స్టేషను తిప్పే గ్యాంగ్ కండెన్సరు ఒకటి పెట్టు, రెండు మూడు రెసిస్టర్లు, కండెన్సర్లు, ఒక క్రిస్టల్ ఇయర్‌ఫోను, ఒకటిన్నర వోల్టుల సెల్లు. అంతే, మీడియం వేవ్ మీద కడప స్టేషను పలుకుతుంది. మద్రాసు రిచీ స్ట్రీట్‌కు పోయినప్పుడల్లా తెచ్చి పెట్టుకునేవాణ్ణి, సైన్స్ ఎగ్జిబిషన్ దగ్గరపడితే స్కూలు పిల్లలు షాపు ముందర క్యూ కట్టేవాళ్లు. ఒక్క జాగ్రత్త, వోల్టేజీ కొంచెం ఎక్కువైతే ఈల వేస్తుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ నేరుగా పెట్టిన పిల్లలు ఏడుస్తూ వచ్చేవాళ్లు, ఇంకొకటి ఊరికే ఇచ్చి పంపేవాణ్ణి. ఆ పద్ధతి ఐసీలు ఇప్పటికీ వేరే పేర్లతో దొరుకుతున్నాయి.

పాతమీటరు_తిరుపతి:

బాషా, ఆ ఐసీ తయారైంది పాత నూలు మిల్లులో. ఓల్డ్‌హామ్ చుట్టుపక్కల అంతా పత్తి మిల్లులే ఉండేవి. అవి మూతబడుతుంటే చాడర్టన్‌లో గెమ్ మిల్ అనేదాన్ని ఫెరాంటీ తీసుకుని సెమీకండక్టర్ ఫ్యాక్టరీ చేసింది. సుధమ్మ చెప్పిన యూఎల్‌ఏ కూడా వాళ్లదే. గేట్లన్నీ ముందే చిప్పు మీద చేసిపెట్టి, చివరి పొరలో తీగలు మాత్రం కొనేవాడు అడిగినట్టు కలిపి ఇచ్చే పద్ధతి. 1981లో సింక్లెయిర్ జెడ్ఎక్స్81 కంప్యూటరు 70 పౌండ్లకు వచ్చిందంటే కారణం అదే. ముందు మోడల్లో 18 చిప్పులు చేసిన పనిని ఒక్క యూఎల్‌ఏ చేసింది. మొత్తం కంప్యూటరుకు నాలుగే చిప్పులు.

శీనూ, నీ రెండో మాట నిజం. ప్రభుత్వ ఆర్డర్లు లేకపోతే అంత పరిశోధన జరిగేది కాదు. పక్కదారి పట్టిన సందర్భం కూడా ఉంది. బ్లడ్‌హౌండ్ క్షిపణి కాంట్రాక్టులో లాభం మరీ ఎక్కువ తీసుకున్నారని 1964లో గొడవై, విచారణ జరిగి, కంపెనీ 42 లక్షల 50 వేల పౌండ్లు తిరిగి కట్టింది. అభిమానం ఉందని అది దాచను. కానీ జెడ్ఎన్ 414, యూఎల్‌ఏ బజారులో అమ్ముడుపోయినవి. సర్కారు డబ్బు ఒక్కటే కారణమంటే గెమ్ మిల్‌లో పనిచేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఇక చివరి భాగం. 1970ల్లో కంపెనీని ముంచబోయింది పాత పనే, ట్రాన్స్‌ఫార్మర్లు. నష్టాలు పెరిగి 1974లో బ్యాంకు అప్పు ఇక ఇవ్వనంది. ప్రభుత్వం వాటా తీసుకుని నిలబెట్టింది. హాలిన్‌వుడ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ల విభాగం మూతబడింది. కోలుకున్నారు, బాగానే కోలుకున్నారు. 1987లో అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన ఇంటర్నేషనల్ సిగ్నల్ అండ్ కంట్రోల్ అనే ఆయుధాల కంపెనీని కొన్నారు. దాన్ని పెట్టినవాడు జేమ్స్ గెరిన్. కాగితాల మీద బ్రహ్మాండమైన కాంట్రాక్టులు. 1989లో తెలిసింది, వాటిలో పెద్దవి అసలు లేనే లేవని. గెరిన్‌కు 1992లో 15 ఏళ్ల జైలు పడింది. ఇక్కడ వీళ్లు గుంట పూడ్చుకోవడానికి అన్నిటికన్నా మంచి పొలం అమ్ముకున్నారు, ఎడిన్‌బరో రాడార్ల వ్యాపారాన్ని 1990లో 31 కోట్ల పౌండ్లకు జీఈసీ అనే ఇంకో బ్రిటిష్ కంపెనీకి ఇచ్చేశారు. అయినా చాలలేదు. 1993లో జీఈసీ షేరుకు ఒక్క పెన్నీ ఇస్తానని, తర్వాత అదీ వద్దని వెళ్లిపోయింది. ఆ డిసెంబరులో రిసీవర్లు వచ్చారు.

నాకు దీంట్లో బాధేమిటంటే, పని తెలియక పోలేదు ఆ కంపెనీ. క్రూ టోల్‌లో ఇప్పటికీ యూరోఫైటర్ రాడార్లు తయారవుతున్నాయి, లియోనార్డో అనే కంపెనీ కింద. బెంచీ మీద కూర్చున్న ఒక్కరూ తప్పు చేయలేదు. ఒక లోడ్ ఉందో లేదో చూడకుండా మీటరుకు సీలు వేయం మేం. అంత డబ్బు పోసి కంపెనీ కొనేటప్పుడు, ఆ కాంట్రాక్టు ఇచ్చిన దేశం ఉందా, సరుకు పోయిందా అని అడిగిచూడాల్సిన బాధ్యత కంపెనీ డైరెక్టర్ల బోర్డుది. ఎలక్ట్రానిక్స్‌లోకి పోవడం వల్ల పాడైపోయారని ఎవరైనా అంటే నమ్మొద్దు.

మోహన్_చిత్తూరు:

సార్, అవ్వకు చదివి వినిపించాను. రెండు రంధ్రాలూ కనబడ్డాయి! మీటరును ఇచ్చేసేది లేదు. కొత్త ఇంట్లో కనెక్షన్ ఇచ్చి పనిచేయించవచ్చా? తిరుగుతుంటే చూడాలని ఉంది.

పాతమీటరు_తిరుపతి:

వద్దు నాయనా. అంత పాత కాయిల్ మీద ఇన్సులేషన్ పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. మెయిన్స్ ఇస్తే డబ్బాకే కరెంటు వస్తుంది. తిరగడం చూడాలంటే అద్దం మూత తీసి డిస్కును మెల్లగా ఊదు, చాలు. గోడ నుంచి తీసేటప్పుడు నిలువుగానే పట్టుకో, పడుకోబెట్టి బండి మీద తీసుకుపోతే కింద జ్యూవెల్ పగులుతుంది. దించే ముందు డిస్కుకూ మాగ్నెట్‌కూ మధ్య పల్చటి కాగితం ముక్క దూర్చు, కదలకుండా ఉంటుంది. ప్లేటును తడి గుడ్డతో తుడవొద్దు, అక్షరాలు పోతాయి. సీసం సీలు ఇంకా ఉంటే తెంచకు, అప్పుడు మూత కూడా తీయకు, అద్దంలోంచే చూడు.

ఇంట్లో చోటు లేదనుకుంటే ఏదైనా ఇంజనీరింగ్ కాలేజీ మెజర్‌మెంట్స్ ల్యాబ్‌కు ఇవ్వు, స్వాతి లాంటి పిల్లలు చూస్తారు. ప్లేటు ఫోటో దగ్గర్నుంచి తీసి ఇక్కడ పెట్టు. సీరియల్ నంబరు, ఎన్ని యాంపులు, యూనిట్‌కు ఎన్ని చుట్లు అన్నవి స్పష్టంగా పడాలి. అవి చూస్తే దాని డయల్ ఎట్లా చదవాలో, మీ తాత అద్దెవాళ్లకు లెక్క ఎట్లా కట్టి ఉంటాడో రాసి పెడతాను.